పోశవ్వ వచ్చిన రోజులు

సదానందం సారు పాఠకుల నమోదు పుస్తకాన్ని ముందుకీ వెనక్కీ మూడుసార్లు తిప్పాడు. నాలుగోసారి ఒక పేరు మీద వేలు ఆనించి, తల ఎత్తకుండా అడిగాడు.

"ఈ పోశవ్వ ఎవరమ్మా?"

గ్రంథపాలకురాలు నిషాత్ చేతిలో వెన్ను ఊడిపోయిన పాత పుస్తకం, మైనం పట్టించిన దారం ఉన్నాయి. సూదిని పుస్తకంలోకి సగం దింపి అక్కడే ఆపేసింది.

"మన పాఠకురాలు సార్."

"రోజొస్తదా?"

"వస్తది సార్. శుక్రవారం రాదు. ఆ రోజు మనకే సెలవు గదా."

సదానందం సారు అప్పుడు తల ఎత్తాడు. జిల్లా కేంద్రం నుంచి తనిఖీకి వచ్చిన మనిషి. చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయింది. యాదవ్వ తెచ్చిచ్చిన మంచినీళ్లు సగం తాగి గ్లాసు నమోదు పుస్తకానికి దూరంగా పెట్టాడు. పుస్తకాలతో బతికిన మనిషే అని నిషాత్‌కు ఆ ఒక్క పనితో తెలిసింది.

"పోశవ్వ, ఆమె ఎంబడి లస్మవ్వ, రాజవ్వ, మల్లవ్వ, ఖైరున్నీసా బీ. బయటనేమో 'యువ పాఠకుల గది, పదమూడు నుంచి పదిహేడేండ్లు' అని బోర్డు పెట్టినవ్. గీ కాలంల పదిహేనేండ్ల పిల్లకు పోశవ్వ అని పేరు ఎవలు పెట్టిన్రమ్మా?"

గుమ్మం దగ్గర చీపురు పట్టుకుని నిలబడ్డ యాదవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈ రైల్వే గేటు గ్రంథాలయంలో ఊడ్చేదీ, తాళాలు తీసేదీ, పేపర్లు సర్దేదీ ఆమే. నిషాత్ ఆమె వైపు చూడలేదు. చూస్తే తనకూ నవ్వు వస్తుంది. ఇది నవ్వే సమయం కాదు.

సారు లేచి గదిలో తిరిగాడు. ఇరవై కుర్చీలు, రెండు బల్లలు, కిటికీ పక్కన అతుకులు వేసి ఎండబెట్టిన పుస్తకాలు. పొద్దున పదిన్నర. పిల్లలంతా బళ్లో ఉంటారు కాబట్టి గది ఖాళీ. కిటికీలోంచి బయటి వరండా కనిపిస్తోంది. రేకుల కింద ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లు కిక్కిరిసి కూర్చున్నారు. తువ్వాళ్లు పరిచి, టిఫిన్ డబ్బాలు పెట్టి పొద్దున ఎనిమిదింటికే జాగా పట్టుకుంటారు. జాగా దొరకనివాళ్లు గోడకు ఆనుకుని నిలబడి చదువుతారు.

"ఆళ్లు నాకు దరఖాస్తు ఇచ్చిన్రు. ఎండల కూసుండి చదువుతున్నం, లోపల ఇరవై కుర్చీలు ఖాళీగున్నయని. నేనేం చెప్పాలె? కుర్చీలల్ల ముసలవ్వలు కూసున్నరని చెప్పాల్నా?"

"పిల్లలు సాయంత్రం వస్తరు సార్. పందొమ్మిది మంది. నిజంగనే."

"అయితే నిజం పేర్లు రాసియ్యి. పేరు, తరగతి, బడి, తండ్రి పేరు, ఫోన్ నంబరు. బేస్తారం సాయంత్రం మళ్లొస్త. ఇయ్యకపోతే గది ఆళ్లకే. ఇగ గీ దొంగ పేర్ల సంగతికి సంజాయిషీ గూడ రాసి పెట్టు." గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. గొంతు కొంచెం తగ్గించాడు. "నేను చెడ్డోన్ని కాదమ్మా. గిట్లనే వరండాల కూసుండి చదివి నౌకరి తెచ్చుకున్నోన్ని."

ఆయన జీపు గేటు దాటాక నిషాత్ సూదిని బయటికి లాగింది. దారం మధ్యలో ముడి పడింది.

ఆ గదిలోకి పిల్లలు వెనక గేటు నుంచి వస్తారు. చేతిపంపు పక్కనుంచి, యాదవ్వ ఎండేసిన తడిగుడ్డల కింద నుంచి. ముందు నుంచి రావాలంటే పేపర్ల హాలు దాటాలి. అక్కడ పొడవాటి బల్ల చుట్టూ మగవాళ్లు ఒక్కో పేపరును నాలుగు ముక్కలు చేసి పంచుకుని చదువుతుంటారు. బల్ల కొసన దారం కట్టిన పెన్నుతో నమోదు పుస్తకం. చేతికి పేపరు అందేదాకా తోచని ప్రతి మనిషీ దాన్నే తిరగేస్తాడు. ఎవరు వచ్చారు, ఎవరి పిల్ల వచ్చింది. గ్రంథాలయం మొత్తానికి ఒకటే నమోదు పుస్తకం. సాయంత్రం అయిదింటికి యాదవ్వ దాన్ని లోపలికి తెచ్చి, పిల్లలు రాశాక మళ్లీ బల్ల మీద పెడుతుంది.

రెండేళ్ల కింద సృజన అనే పిల్ల తన పేరే రాసింది. మేనమామ చూశాడు. మర్నాటి నుంచి సృజన రాలేదు. ఆ మర్నాడు దీపిక పెన్ను పట్టుకుని చాలాసేపు అట్లాగే నిలబడి, చివరికి వాళ్ల బాపమ్మ పేరు రాసింది. నిషాత్ చూసింది. కొట్టేయమనలేదు. వారం తిరిగేసరికి గదిలో ఉన్నవాళ్లంతా బాపమ్మలూ, అమ్మమ్మలూ, నానీలూ అయిపోయారు.

ఆ సోమవారం సాయంత్రం కూడా దీపికే ముందు వచ్చింది. పదో తరగతి. ఒక జడ ముందుకు, ఒకటి వెనక్కి. పుస్తకం మీదికి వంగి "పోశవ్వ" అని రాసి, కింద గీత గీసింది.

"మేడం, మా పోశవ్వకు ఇయ్యాల మోకాళ్లు మస్తు గుంజుతున్నయట. అయినా వచ్చింది, సూడున్రి."

"మా ఖైరున్నీసా బీ పండ్లు పీకించుకుంది మేడం," అంది యాస్మీన్ పెన్ను అందుకుంటూ. "అయినా వచ్చింది. చదువుకు పండ్లెందుకు?"

మామూలుగా అయితే నిషాత్ కూడా ఒక మాట కలిపేది. నిన్న రాజవ్వ రాలేదేం, జ్వరమా, అత్తగారింటికి పోయిందా అని అడిగేది. ఈరోజు ఆమె మాట్లాడకపోయేసరికి పిల్లలు ఒక్కొక్కరే చల్లబడ్డారు. సారు అడిగిన కాగితం గురించి చెప్పింది.

"ఫోన్ నంబరంటే... అబ్బాకు ఫోన్ చేస్తరా మేడం?" యాస్మీన్ అడిగింది.

"చేస్తరో చెయ్యరో నాకు తెల్వదు. కాని కాగితం ఫైల్ల ఉంటది. ఫైలు గా బల్ల మీద ఉంటది."

గోడ అవతల ఎవరో దగ్గారు. పొడి దగ్గు, రెండుసార్లు, ఆ తర్వాత పేపరు విదిలించిన చప్పుడు. దీపిక మెడ వంచుకుంది. ఆ దగ్గు గదిలో అందరికీ తెలుసు. దీపిక పెద్దబాపు హనుమండ్లుది. తమ్ముడు మస్కట్‌లో ఉన్నాడు కాబట్టి తమ్ముడి పిల్ల మంచిచెడ్డలు ఆయనవే. రోజూ అయిదింటికి వచ్చి జిల్లా పేజీతో మొదలుపెడతాడు. లైబ్రరీ నిండా పోరగాండ్లే, ఆడపిల్లకు అక్కడ ఏం పని అని ఆయనే ఇంట్లో అన్నాడు. దీపిక ఈ గంటన్నర బళ్లో స్పెషల్ క్లాసులో ఉన్నట్టు లెక్క.

"నా పేరు రాసియ్యకున్రి మేడం," అంది దీపిక, నేల చూస్తూ. "గది పోతే పోనీ. ఇంట్ల తెలిస్తే బడి గూడ బంద్ అయితది."

మైదా జిగురు గిన్నె మధ్యలో పెట్టుకుని పిల్లలు చిరిగిన పేజీలకు పల్చటి కాగితం అంటించారు. ఒకరు పేజీ పట్టుకుంటే ఒకరు కుంచె తిప్పారు. యాస్మీన్ ప్రతి పుస్తకం ఇరవై మూడో పేజీ తీసి అడుగున గ్రంథాలయం ముద్ర ఉందో లేదో చూసి, చెరిగిపోయిన చోట మళ్లీ వేసింది. అట్ట పోయినా, మొదటి పేజీ చింపేసినా పుస్తకం ఎవరిదో ఆ పేజీ చెబుతుందని నిషాత్ వాళ్లకు నేర్పింది. చిన్నప్పుడు ఆమెకు ఇక్కడి పాత గ్రంథపాలకుడు కరుణాకర్ సారు నేర్పినట్టే.

నిషాత్ ఇంటికి వచ్చేసరికి భర్త జియావుల్లా కళ్లద్దాల దుకాణం మూసి వచ్చి, ఉల్లిగడ్డలు తరుగుతున్నాడు.

"క్యా హువా? మొహం అట్ల పెట్టినవ్?"

చెప్పింది. ఆయన విని, తరిగిన ఉల్లిగడ్డలు నూనెలో వేసి, కాసేపు వాటినే తిప్పాడు.

"పేర్లు ఇచ్చెయ్ నిషాత్. ఇరవై రెండేండ్ల నౌకరి. అవతలోళ్ల ఇండ్ల సంగతి నీకు కైకు?" గరిటె ఆపాడు. "అసలు ముసలోళ్ల పేర్లు రాయనియ్యాలని నీకెట్ల తోచింది? ఎవరు చెప్పిన్రు?"

ఎవరూ చెప్పలేదు అనబోయింది. కానీ ఒకప్పటి నమోదు పుస్తకంలో తాను రాసిన తన పేరే గుర్తొచ్చింది.

మంగళవారం పొద్దున పాత బీరువా తీయించింది. యాదవ్వ తాళంలో కిరసనాయిలు పోసి, రాయితో రెండు దెబ్బలు కొడితే గానీ తలుపు రాలేదు.

"ఎన్నేండ్లాయె మేడం దీన్ని తెరవక! లోపల పామున్నా చచ్చిపోయుంటది," అంది యాదవ్వ.

పాములేం లేవు. కలరా ఉండల వాసన, వెండిపురుగులు, తాడుతో కట్టిన నమోదు పుస్తకాలు. అట్టల మీద "ఆదిలాబాద్ జిల్లా" అని అచ్చు. ఇప్పుడు ఆ జిల్లా నాలుగు ముక్కలైంది, ఈ కాగజ్‌నగర్ ఇంకో జిల్లాలోకి వచ్చింది. పుస్తకాల మీద మాత్రం అది ఇంకా ఒక్కటే. ఏం వెతుకుతున్నదీ నిషాత్‌కు తెలుసు. సంజాయిషీకి పనికొచ్చేది కాదు. ఊరికే చూడాలనిపించింది.

పంతొమ్మిది వందల తొంభై రెండు. జూన్. దొరికింది.

"నిషాత్ ఫాతిమా, 8వ తరగతి." అక్షరాలు పెద్దవిగా, గీత దాటి, ఎవరైనా చూడాలని రాసినట్టున్నాయి. పక్కన కరుణాకర్ సారు ఆకుపచ్చ సిరాతో పెట్టిన టిక్కు. ఆయన ముక్కుపొడుం వాసన కూడా ఆ పేజీలో ఉందేమోనని పుస్తకాన్ని మొహం దగ్గరికి తెచ్చుకుంది. లేదు. కానీ ఊళ్లోని కాగితం మిల్లు వాసన గుర్తొచ్చింది. వెదురు గుజ్జు ఉడికే ఘాటైన వాసన. వాన పడే ముందు ఊరంతా కమ్ముకునేది. కొత్తగా వచ్చినవాళ్లు ముక్కు మూసుకునేవాళ్లు. ఇక్కడి పిల్లలకు అది అన్నం వాసన లాంటిది. సాయంత్రం సైరన్ మోగితే కరుణాకర్ సారు గడియారం చూడకుండానే, "నిషాత్, ఇగ లెవ్వు బిడ్డా, ఇంట్ల చూస్తరు" అనేవాడు.

పేజీలు తిప్పింది. జూన్, జూలై. ఆగస్టు ఇరవై ఆరు వరకు ఉంది. ఆ తర్వాత లేదు.

ఆ రోజు రాత్రి అన్నాల దగ్గర అన్న షాహిద్ రొట్టె తుంచుతూ, "నిషాత్ పేరు అందరు చూస్తున్నరు," అన్నాడు. అంతే. ఎవరూ తిట్టలేదు. అమ్మీ నీళ్లు తేవడానికి లేచింది. మర్నాడు సైరన్ మోగినప్పుడు నిషాత్ ఇంట్లోనే ఉంది.

పుస్తకం మూసి, కింద ఉన్నదాన్ని తీసింది. అది ఇంటికి పుస్తకాలు ఇచ్చిన రిజిస్టరు. ఏదో ఒకటి చేతులకు పని కావాలని తిప్పుతోంది. సెప్టెంబరు మొదటి శనివారం దగ్గర ఆకుపచ్చ సిరాలో ఒక పేరు.

"షహర్ బానో."

పుస్తకం నంబరు 1147. సంతకం గడిలో వేలిముద్ర.

మళ్లీ చదివింది. అమ్మీ పేరు అది. ఊళ్లో ఇంకో షహర్ బానో ఉండొచ్చు. ముద్ర మీదికి వంగింది. గీతల మధ్యలో అడ్డంగా తెల్లటి సన్నని చార. బీడీ ఆకు కత్తిరిస్తూ కత్తెర జారి అమ్మీ బొటనవేలు తెగింది; ఆ గాటు చివరిదాకా పోలేదు. పిండి పిసికితే అందులో పిండి ఇరుక్కునేది, గోరింటాకు పెట్టుకుంటే అది మాత్రం తెల్లగా మిగిలేది.

మరుసటి శనివారం మళ్లీ షహర్ బానో. ఆ తర్వాతి శనివారం మళ్లీ. ముద్ర, ముద్ర, ముద్ర.

నిషాత్ నేల మీదే కూర్చుండిపోయింది. బీడీల చాట కింద నుంచి అమ్మీ తీసిచ్చే పుస్తకాలు. "పక్కగల్లీ టీచరమ్మ ఇచ్చింది, జల్ది చదివి ఇచ్చెయ్." అన్ని పుస్తకాలకూ తునికాకు వాసన వచ్చేది. పుస్తకాలకు అదే వాసన ఉంటుందని చాలా ఏళ్లు అనుకుంది. టీచరమ్మకు పెళ్లయి ఊరు విడిచిపోయాక కూడా పుస్తకాలు వస్తూనే ఉన్నాయి. ఎట్లా వస్తున్నాయని ఒక్కరోజూ అడగలేదు.

మంచిర్యాలలో టైర్ల దుకాణం నడిపే షాహిద్‌కు అక్కడి నుంచే ఫోన్ చేసింది. వెనకాల గాలి కొట్టే యంత్రం మోత.

"భయ్యా, అమ్మీ లైబ్రరీకి వచ్చేదా?"

ఆయన యంత్రం ఆపించాడు.

"ముప్పై ఏండ్లకు యాదికొచ్చిందా నీకు? అమ్మీకి సైకిల్ తొక్కస్తదా? తొక్కింది ఎవలనుకున్నవ్?"

"నువ్వా? నా పేరు అందరు చూస్తున్నరని చెప్పిందే నువ్వు గదా!"

"నేనే చెప్పిన. దోస్తులు నవ్విన్రు, నాకు పదిహేడేండ్లు, అఖల్, బుద్ధి ఏడిది? అమ్మీ వారం దినాలు నాతోని మాట్లాడలే. రొట్టె గూడ ముందట పెట్టి పోయేది, అంతే. ఎనిమిదో రోజు వచ్చి 'సైకిల్ తియ్' అన్నది."

"నాకెందుకు చెప్పలే?"

"నీకు చెప్పనని కసం ఏయించింది. నీకు తెలిస్తే మళ్ల నువ్వే పోతనంటవ్, మళ్ల లొల్లి అయితదని." షాహిద్ చిన్నగా నవ్వాడు. "మొదటి దినం కరుణాకర్ సారు అడిగిండు, అమ్మా నీకు తెలుగు చదవస్తదా అని. అమ్మీ ఏమన్నది ఎరికేనా? 'ముఝే నై ఆతా సాబ్, మేరే ఘర్ మే ఆతా.' నాకు రాదు, మా ఇంట్ల వస్తది! సారు ఇంకేం అడగలే. పేరు రాసి సిరా డబ్బి ముందట పెట్టిండు."

అమ్మీ పోయి ఆరేళ్లు. షాహిద్ ఇంకా ఏదో చెబుతున్నాడు, గిరాకీ వచ్చింది, తర్వాత చేస్తానన్నాడు. నిషాత్ ఫోన్ ఒళ్లో పెట్టుకుని ఆ గాటు చార మీద వేలు ఆనించింది.

బుధవారం సంజాయిషీ రాసింది. నాలుగు వాక్యాలు. పేర్లు రాయనిచ్చింది తానేననీ, పిల్లల తప్పు లేదనీ, పిల్లలు నిజంగా వస్తున్నారనీ, వాళ్ల వివరాలు మాత్రం ఇవ్వలేననీ. సాయంత్రం పిల్లలతో చెప్పింది.

"రేపు ఎవలు రాకున్రి. సారు వస్తడు. మిమ్మల్ని చూస్తే పేర్లు అడుగుతడు."

"మరి గది మేడం?"

"చూద్దాం."

ఆ "చూద్దాం" ఎట్లాంటిదో పదిహేనేళ్ల పిల్లలకు తెలుసు. వెళ్లేటప్పుడు యాస్మీన్ కుర్చీలన్నీ బల్లల కిందికి నెట్టింది. రోజూ చెబితే గానీ చేయని పని అది.

గురువారం అయిదింటికి సదానందం సారు వరండాలో చదివే ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చాడు. అందులో రమ అనే అమ్మాయి చేతిలో ఇంకా మూయని నోట్సు ఉంది. సారు పేపర్ల హాల్లోనే బల్ల కొసన నిలబడి సంజాయిషీ చదివాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు పేపర్లు దించలేదు కానీ, పేజీలు తిప్పడం మానేశారు. హనుమండ్లు తన కుర్చీలో జిల్లా పేజీ పట్టుకుని ఉన్నాడు.

"అంటే పేర్లు ఇయ్యవన్న మాట."

"ఇయ్య సార్."

"ఇంత పని చేసి, ఇంత మొండితనమేందమ్మా? నేనేం చెయ్యాలె చెప్పు. రికార్డుల లేని పిల్లలకు గది ఇచ్చిన అని రాయాల్నా?"

అప్పుడు ముందు మెట్ల మీద కర్ర చప్పుడైంది. ఒక్కో మెట్టుకూ ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ కర్ర. గుమ్మంలో ఒక ముసలామె నిలబడింది. చేనుకు పోయేటప్పుడు కట్టే గోచీ చీర కాదు, పెట్టెలోంచి తీసిన మడతల చీర. వెనక, ఆమె చెప్పులు చేతిలో పట్టుకుని, దీపిక. ఆ పిల్ల మొహం పాలిపోయి ఉంది.

హనుమండ్లు చేతిలోని పేపరు దిగింది.

"అవ్వా? నువ్వెందుకొచ్చినవ్ ఇక్కడికి?"

"నా పేరున్నదట బిడ్డా గీడ. సూసిపోదామని వచ్చిన." ఆమె బల్ల చుట్టూ చూసింది. "సారెవలు?"

"నేనే," అన్నాడు సదానందం సారు.

"నేను పోశవ్వను. దొంగ పేరు అన్నవట గదా. డెబ్బై ఆరేండ్లాయె నాకు గీ పేరు పెట్టి. ఇయ్యాల్టిదాంక ఎవ్వలు దొంగదనలే."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. సారు మొహం ఎర్రబడింది.

"అమ్మా, నేనన్నది నిన్ను గాదు. నువ్వు ఇక్కడికి వచ్చి చదివినవా? నీకు చదవస్తదా?"

"నాకేడొస్తది. గీ పిల్ల సదువుతది. ఇంటికొచ్చి నా కాళ్లు ఒత్తుకుంట నాకు చెప్తది, నేనింట. ఇన్నది నాది గాదా సారూ? మొన్న ఏదో మంచు దేశపు పచ్చుల కత చెప్పింది. ఆడిది గుడ్డు పెట్టి తిండికి సముద్రానికి పోతదట. మగది గా గుడ్డును కాళ్ల మీద ఎత్తుకోని రెండు నెల్లు నిలవడ్తదట. తిండి లేదు, కూసునుడు లేదు." ఆమె కర్ర మీద రెండు చేతులూ ఆనించి, కొడుకు వైపు తిరిగింది. "రెండు నెల్లు హనుమండ్లూ! నేను డెబ్బై ఆరేండ్లల్ల ఏ ఊళ్లె సూడలే గసొంటి మొగోన్ని."

ఈసారి హాలంతా నవ్వింది. రమ నోట్సు మొహానికి అడ్డం పెట్టుకుంది. హనుమండ్లు ఒక్కడే నవ్వలేదు. తల్లి వెనక నిలబడ్డ పిల్లను చూస్తున్నాడు. దీపిక ఆ చెప్పుల్ని ఛాతీకి అదుముకుంది. ఇప్పుడు ఆయన లేస్తాడు, చేయి పట్టుకుని ఈ పిల్లను బయటికి నడిపిస్తాడు అనుకుంది నిషాత్. ముప్పై మూడేళ్ల కింద అన్నాల వేళ షాహిద్ రొట్టె తుంచుతూ అన్న మాట గుర్తొచ్చింది.

హనుమండ్లు లేచాడు.

"గా పుస్తకంల పోశవ్వ పేరు రోజు చూస్తనే ఉన్న," అన్నాడు, ఎవరితో అన్నదీ తెలియకుండా. "ఎవలో వేరే పోశవ్వ అనుకున్న."

"వేరే పోశవ్వకు గీ పిల్ల ఉన్నదా?" అంది పోశవ్వ. "నా పేరు మీదనే వచ్చింది గదరా. నేనొచ్చినట్టే. నేనొస్తే నీకేం తక్కువైంది?"

ఆయన దగ్గాడు. రెండుసార్లు. తర్వాత తన కుర్చీని, రోజూ అయిదింటికి తనకే దక్కే గోడ పక్క కుర్చీని, కాళ్లు నేలకు గీసుకుపోయేలా లాగి తల్లి వెనక పెట్టాడు.

"కూసో అవ్వా. మోకాళ్లు గుంజుతయ్."

పోశవ్వ కూర్చుంది. ఆయన పేపరు పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆ పేపరు తలకిందులుగా ఉందని ఎవరూ చెప్పలేదు.

సదానందం సారు నమోదు పుస్తకం తెరిచి, జనవరి నుంచి ఒక్కో పేజీ తిప్పాడు. ప్రతి పేజీలోనూ ఆ పేరు దగ్గర కాసేపు ఆగాడు. నిషాత్ వైపు చూశాడు. రమ ఒకడుగు ముందుకు వచ్చింది.

"సార్, మేము గూడ చెప్పుతం..."

"నువ్వాగమ్మా." పెన్ను తీశాడు. "పొద్దున్నుంచి నాలుగున్నర దాంక గది మీకు. నాలుగున్నర కొడితే లేవాలె. గా తర్వాత పిల్లలకు." రాస్తూనే అన్నాడు, "నిషాత్ మేడం, సంజాయిషీ మాత్రం ఫైల్ల ఉంటది. నేను చింపలేను. ఇంక్రిమెంటు ఆగుతదో ఏమో నా చేతిల లేదు."

"సరే సార్."

"ఇగ నుంచి వయసు గడి గూడ గీయి."

"డెబ్బై ఆరు రాయి బిడ్డా," అంది పోశవ్వ దీపికతో. పుస్తకం మీదికి వంగి చూసింది. "ఏది నా పేరు? గిదా? గింత చిన్నగుంటదా? మరి దీని పక్కన ఏముండాలె?"

"సంతకం," అన్నాడు సారు. ఒక్క క్షణం ఆగి, తపాలా బిళ్లలు, రబ్బరు ముద్రలు ఉండే డబ్బా తనే తెరిచి, సిరా అద్దే మెత్తను తీసి, బల్ల మీద ఆమె ముందుకు జరిపాడు.

శుక్రవారం సెలవు. శనివారం నాలుగున్నరకు రమా, మిగతావాళ్లూ తువ్వాళ్లు దులుపుకుని వరండాలోకి వెళ్లారు. ఒకరిద్దరు గొణిగారు. యాస్మీన్, మరో పదిహేను మంది చేతిపంపు పక్కనుంచే వచ్చారు. వాళ్ల ఇళ్లల్లో ఏదీ మారలేదు. వాళ్ల నానీలూ అమ్మమ్మలూ ఇంకా తమకు తెలియకుండానే వస్తున్నారు. దీపిక మాత్రం ముందు తలుపు నుంచి వచ్చింది. ఆమె బల్ల దాటుతుంటే హనుమండ్లు పేపరును మొహానికి ఇంకొంచెం పైకి ఎత్తుకున్నాడు. ఆ పిల్ల ఆ పేపరు దాటేదాకా మెల్లగా నడిచి, తర్వాత పరుగెత్తింది.

నమోదు పుస్తకంలో కొత్తగా గీసిన వయసు గడి దగ్గర ఆగి, "మేడం, ఇప్పుడు నా పేరు రాయచ్చు గదా?" అంది.

"రాయి. నీ ఇష్టం."

పెన్ను కొస కొరుకుతూ ఆలోచించింది. చివరికి పోశవ్వ అనే రాసి, పక్కన డెబ్బై ఆరు వేసింది.

"ఆమెకు మంచిగనిపించిందట మేడం. మళ్ల ఎన్ని రోజులొచ్చిననో అడుగుతది."

ఆరున్నరకు పిల్లలు వెళ్లిపోయారు. యాదవ్వ కిటికీలు మూస్తోంది. దూరంగా సైరన్ మోగింది. కొన్నేళ్లు మిల్లు మూతపడి మోగలేదు, తెరిచాక మళ్లీ మోగుతున్నది. వాసన మాత్రం మునుపటంత లేదనిపిస్తుంది నిషాత్‌కు, లేదా ముక్కే అలవాటు తప్పిందేమో. వెనక బీరువా దగ్గరికి వెళ్లి వెతికింది. 1147. అమ్మీ మొదటిసారి తీసుకెళ్లింది. అట్ట రెండుసార్లు మారింది. సముద్రాల గురించిన పుస్తకం. సముద్రం చూడని ఊరి పిల్ల దాన్ని మూడుసార్లు చదివి, మూడుసార్లూ చాట కింద పెట్టేసింది. ఇరవై మూడో పేజీ తీసింది. అడుగున ముద్ర ఉంది. పేజీకి మొహం ఆనించింది. మైదా జిగురు, దుమ్ము. ఇంకేదో ఉన్నట్టే ఉంది, లేనట్టే ఉంది.

"ఇంటికి తీస్కపోతరా మేడం?" యాదవ్వ తాళంచెవి పట్టుకుని అడిగింది. "ఇన్నేండ్లల్ల మీరు ఒక్క పుస్తకం తీస్కపోంగ చూడలే."

నిషాత్ పుస్తకాలు ఇచ్చే రిజిస్టరు తెరిచింది. తేదీ వేసింది, నంబరు వేసింది. పేరు గడిలో, తొందర పడకుండా, షహర్ బానో అని రాసింది. సంతకం గడి దగ్గర పెన్ను పక్కన పెట్టి, సిరా మెత్త మీద బొటనవేలు నొక్కింది.

ముద్ర ఆరేదాకా రిజిస్టరు మూయకుండా కూర్చుంది.